ఆర్డరు ఎందుకు పాటిస్తాం? - జగిత్యాల, 1978

మొన్న మా ఆఫీసులో మళ్ళీ మెయిలొచ్చింది, రివ్యూ లేకుండా ఎవరూ కోడ్ చెకిన్ చెయ్యొద్దని. ఇది నాలుగోసారి. కిందటిసారి బుద్ధిగా పాటించి నేను డెడ్‌లైన్ తప్పాను, పాటించనివాళ్ళకి మెప్పులొచ్చాయి :) అప్పుడు మావైపు చరిత్ర గుర్తొచ్చింది.

మాది కోరుట్ల. మా బాపమ్మ పుట్టిల్లు జగిత్యాల దగ్గర పల్లె. దొర గడికి చాకలి బట్టలుతకాలి, మంగలి గడ్డం గియ్యాలి, పిలిస్తే ఎవరైనా పనికి పోవాలి, కూలి అడగొద్దు. అదే వెట్టి. వద్దన్నవాళ్ళు లేక కాదు. నిజాం కాలంలోనే ఫర్మానాలొచ్చాయి. 1950లో రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టమూ వచ్చింది. కాగితం మీద మూడుసార్లు పోయింది, ఊళ్ళో పోలేదు.

ఎందుకంటే చట్టాన్ని నమ్మి ఒక్కడు పని మానేస్తే, దెబ్బలు తినేదీ ఆ ఒక్కడే. కలెక్టరు కరీంనగర్లో, దొర ఊరి నడుమ.

1970ల చివర్లో రైతుకూలీ సంఘాలు వచ్చాక లెక్క మారింది. ఊరంతా కూర్చుని దొరకి చాకలి, మంగలి, పాలేరు అందరూ బంద్ అని తీర్మానించుకున్నారు. ఎవరు మానేశారో, ఎవరు దొంగచాటుగా వెళ్ళారో అందరికీ కనిపిస్తుంది. అంతా ఇష్టంతోనే పాటించారనను. కట్టు తప్పితే ఊరు వెలేస్తుందన్న భయమూ ఉండేదట. 1978 సెప్టెంబర్ 7న వేలమంది జగిత్యాలకు ఊరేగింపుగా వచ్చారు, అదే జైత్రయాత్ర. చాలామంది దొరలు పట్నాలకు మకాం మార్చారు.

అక్టోబర్ 20న మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. వెట్టిని ఆపమన్న చట్టాలకి దొరకని పోలీసులు, దీనికి మాత్రం వెంటనే దొరికారు! అరెస్టులు, క్యాంపులు. ఆ ఖర్చు మోసిందీ ఊళ్ళే.

"ఒక్కని మీద పడితె సస్తడు బిడ్డా, ఊరంత పడితె మోస్తరు" అంటుంది బాపమ్మ. వెట్టితో మా కోడ్ రివ్యూకి పోలికేంటని తిడతారేమో. కానీ మాట వినని జనాన్ని తిట్టేముందు, విన్నవాడికి ఏమవుతోందో చూడాలిగా! ఏమంటారు?