వంటింటి వెట్టి

యంత్రము వంట చేయుననిన మనలో ననేకులు నవ్వుదురు. కాని యీ చరిత్ర మన రోటిచెంతనే యారంభమగుచున్నది.

గుంటూరుసీమలో ఫాల్గుణ చైత్రములందు కల్లములనిండ మిరపపండ్లే గదా! నా బాల్యమున మా తల్లిగారు సంవత్సరమునకు సరిపడు కారమును రోటనే దంచెడివారు. ఆ ఘాటునకు ఇల్లెల్ల తుమ్ములు, దగ్గులు. చేతులమంటచే నా రాత్రి యామెకు నిద్ర పట్టెడిది కాదు. మేము గోంగూరపచ్చడి రుచిని మెచ్చుకొంటిమేకాని యా చేతులను చూచినవారము కాము. పిమ్మట కారపుమర వచ్చి యా రోకలిపోటు తప్పించెను.

నేడు వినవచ్చు "రోబో" యను మాటకును ఇట్టి కథయే కలదు. 1920లో చెక్ దేశీయుడగు కారెల్ చాపెక్ తన నాటకమున దానిని వాడెను. సూచించినవాడు అతని యన్న యోసెఫ్. వారి భాషలో "రొబోత" యనగా దొరకు కూలిలేక చేయు చాకిరి. అది మన వెట్టియే.

2022 ఫిబ్రవరిలో మంగళగిరి చెంత ఆత్మకూరున అక్షయపాత్ర సంస్థవారి వంటశాల తెరవబడెను. రెండుగంటలలో 50,000 మంది బడిపిల్లలకు భోజనము సిద్ధపరచునట్లు దానిని నిర్మించిరి. ఇది యంత్రసహాయమేకాని రోబో కాదు. 2019లో హైదరాబాదు జూబిలీహిల్సున నొక భోజనశాలలో రోబోలు తిరిగినవి. అవి వంటకములను బల్లలకడకు తెచ్చినవేకాని వండలేదు. అంతకు ముందే, 2018లో, అమెరికాలోని బోస్టనునగరమున "స్పైస్" అను భోజనశాలయందు ఏడు పాత్రలు తమంతట తామే తిరుగుచు, కొలిచి పడిన దినుసులను వేడిచేసి, మూడు నిమిషములలో వంటకము నొసగెను. అచటను కూరలు తరిగి సిద్ధముచేయుట, తుదకు పైదినుసులు చల్లుట మనుష్యుల పనియే.

కారణము స్పష్టము. యంత్రము కొలతను తప్పదు. కాని దానికి నాలుక లేదు. ఈ యేటి మిరపకాయ నిరుటికంటె ఘాటైనచో చెంచాడు తగ్గింపవలెనని తెలిసికొనునది వండెడు మనిషియే.

అయినను నా భయము రుచినిగూర్చి కాదు. పొగలో నిలిచి గరిటె త్రిప్పు వంటమనిషికి వెట్టి తప్పుట మేలు. దానితో కూలియు తప్పినచో నది మేలెట్లగును? మన యూరి హోటలునకో, సత్రమునకో యిట్టి యంత్రము వచ్చిననాడు దాని వేగమును మెచ్చుటకు ముందు, నిన్నటివరకు ఆ పొయ్యికడ నిలిచినవారు నేడెచ్చట నున్నారని విచారింపుడు. మా తల్లిగారి చేతులను సకాలమున చూడని నేను మిమ్ము వేడునది యింతే.