నురుగు కథ
చాకిరేవున చవుడు, తలంటికి కుంకుడు. 1937లో బోధనులో నిజాము చక్కెర కర్మాగారము వెలసిననాటికి మన యిండ్ల మురికిని వదల్చినవి చాలవరకు ఇవియే. సబ్బు లేకపోలేదు, కాని బావినీటిలో సున్నము హెచ్చుగా నున్నచో సబ్బు నురుగు కట్టక తెల్లని తెట్టుగా విరిగిపోవును. ఎంత అరగదీసినను గృహిణి శ్రమ వృథా!

ఈ చిక్కును విడదీయుటకే 1930 ప్రాంతమున జర్మను రసాయనికులు కొవ్వులనుండి తీసిన ఆల్కహాలును గంధకామ్లముతోను, క్షారముతోను కలిపి సోడియం లారిల్ సల్ఫేటు జాతి పదార్థములను తయారుచేసిరి. ఆ అణువు ఒక కొసతో జిడ్డును, ఋణవిద్యుత్తు గల రెండవ కొసతో నీటిని పట్టుకొనును. సున్నపు నీటను గూడ నురుగునిచ్చును. 1959లో మన దేశమునకు వచ్చిన సర్ఫు పొడి దీని దాయాదియే.

బోధను కర్మాగారము 2015లో మూతపడినది. షాంపూ పొట్లములు మాత్రము నిజామాబాదులో ప్రతి కొట్టునను వ్రేలాడుచున్నవి. ఈ నురుగు చర్మమును పొడిబార్చును. కుంకుడు కన్నులు మండించును. మమ్మడిగినచో, తలకు కుంకుడే.