కోడిపిల్ల సద్దిమూట

పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఒక రోజు పొద్దున్నే ఆరింటికి పోస్టాఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మీ పెట్టె ఒకటే అరుస్తోంది, వచ్చి తీసుకెళ్ళండి అన్నారు. కారులో దారి పొడుగునా కిచకిచలే. పదిహేను పెట్టపిల్లలకు డబ్బు కట్టాను. ఇంటికొచ్చి మూత తీస్తే పదహారు ఉన్నాయి. పదిహేను నిలబడి ఉన్నాయి. ఒకటి అడుగున చల్లగా పడి ఉంది.

అరవై దాటాక నాకు కోళ్ళ పిచ్చి పట్టింది. న్యూజెర్సీలో మా ఇంటి వెనక కొంచెం స్థలం ఉంది. గుడి వంటింట్లో శనివారాలు నాతో కూరలు తరిగేవాళ్ళు "పులిహోర కలిపే చేత్తో కోళ్ళేమిటక్కా?" అని నవ్వారు. నవ్వనీ. ఆ పెట్టె చూసిన దగ్గర్నుంచి నాకు ఒకటే ప్రశ్న. అందులో నీళ్ళు లేవు, మేత లేదు, తల్లి లేదు. రెండు రోజులు ఇవి ఎలా బతికాయి?

జవాబు పిల్ల పొట్టలోనే ఉంది. గుడ్డు పగలడానికి కాస్త ముందు, మిగిలిన పచ్చసొనను పిల్ల తన కడుపులోకి లాక్కుంటుంది. దానితో దాదాపు 72 గంటలు గడుస్తుంది. వెనకటి రోజుల్లో దూరం వెళ్ళేవాళ్ళు అన్నం మూట కట్టుకునేవారు. దాన్ని సద్దిమూట అంటారు. మంచి మాట, రాసి పెట్టుకోండి. పిల్ల కూడా సద్దిమూటతోనే పుడుతుంది.

కానీ ఆ సద్ది పోస్టాఫీసు కోసం కట్టింది కాదు. తల్లి కింద గుడ్లన్నీ ఒకే గంటలో పగలవు. ముందు వచ్చిన పిల్లకు వెంటనే ఆకలేస్తే తల్లి లేచి మేతకు తీసుకెళ్ళాలి. అప్పుడు మిగతా గుడ్లు చల్లబడి పాడైపోతాయి. అందుకే మొదటి పిల్ల ఆఖరి పిల్ల కోసం ఆగగలగాలి. అన్నదమ్ముల కోసం ఇచ్చిన గడువు అది.

ఆ గడువునే మనుషులు రైలెక్కించారు.

తల్లిని పక్కన పెట్టడం అంతకు చాలా ముందే మొదలైంది. ఈజిప్టులో రెండు వేల ఏళ్ళకు పైగా, మట్టి ఇటుకల గదుల్లో నిప్పు వేడితో గుడ్లు పొదిగించారు. థర్మామీటరు లేదు కాబట్టి, గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి చూసేవారట. అమెరికాలో 1879లో, కాలిఫోర్నియాలోని పెటలూమాలో లైమన్ బైస్ పొదిగే యంత్రం తయారుచేశాడు. యంత్రం ఒకేసారి వందల పిల్లలను ఇస్తుంది. కొనేవాళ్ళేమో ఎక్కడెక్కడో ఉంటారు. 1892లో న్యూజెర్సీలోని స్టాక్‌టన్ నుంచి జోసెఫ్ విల్సన్ అనే ఆయన, పుట్టిన రోజునే పిల్లలను పెట్టెలో సర్ది రైల్లో షికాగో పంపాడు. 1913లో పార్సెల్ పోస్ట్ వచ్చింది. 1918 నుంచి తపాలా శాఖ కోడిపిల్లలనూ తీసుకుంది. పుట్టిన మూడు రోజుల లోపు చేరాలి, అదే షరతు. ఆ పాత షరతు మీదే నా పెట్టె కూడా వచ్చింది.

1923లో డెలవేర్‌లోని ఓషన్ వ్యూ ఊళ్ళో సిసిల్ స్టీల్ అనే ఆవిడ గుడ్ల కోసం 50 పిల్లలు కావాలని రాసింది. పొరపాటున 500 వచ్చాయి. ఆవిడ తిప్పి పంపలేదు. షెడ్డు వేసి పెంచి, మాంసానికి అమ్మింది. లాభం వచ్చింది. మూడేళ్ళలో పదివేల కోళ్ళకు చోటు కట్టింది. అమెరికాలో మాంసం కోళ్ళ వ్యాపారం ఆ పొరపాటుతోనే మొదలైందని చెప్తారు. ఈ కథ చెప్పేవాళ్ళంతా లాభం గురించి చెప్తారు. నాకు వేరే అంకె గుర్తుండిపోయింది. ఆ 500లో అమ్మకం దాకా బతికినవి 387. అంటే 113 పోయాయి.

ఎలా పోతాయో నాకిప్పుడు తెలుసు. మొదటి వారం పిల్లలకు 35 డిగ్రీల వేడి కావాలి. నేను ఒకే ఒక వేడి దీపం పెట్టాను. రెండో రాత్రి బల్బు మాడిపోయింది. ఇంకో బల్బు కొని ఉంచుకోలేదు. తెల్లారి చూస్తే పిల్లలన్నీ ఒక మూల ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. అడుగున రెండు నలిగి చచ్చిపోయాయి. తప్పు నాదే. మా అమ్మమ్మ ఊళ్ళో కోడిని, పిల్లలను రాత్రి గంప కింద మూసేది, పొద్దున్నే గుప్పెడు నూకలు చల్లేది. బల్బు గొడవే లేదు.

పదహారోది ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. దారిలో వెచ్చదనం కోసం, ఒకటి పోయినా లెక్క తగ్గకుండా, కొన్ని చోట్ల ఒకటో రెండో ఎక్కువ వేస్తారు. తరచు అవి పుంజుపిల్లలు. 1920లలో జపాన్‌లో కియోషి మసుయి బృందం ఒక రోజు పిల్లలోనే పెట్టనూ పుంజునూ గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టింది. అప్పటినుంచి గుడ్ల వ్యాపారంలో పుంజుపిల్ల దండగ అయిపోయింది. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి పుంజుకు జరిగే మర్యాదలు తలుచుకుంటే వింతగా ఉంటుంది. ఇక్కడ పుంజు పెట్టెలో దుప్పటి!

ఈ వేసవిలో మా ఎర్ర పెట్ట పొదుగుకొచ్చింది. (ఆవుకుండేదీ పొదుగే, కోడి కూర్చునేదీ పొదుగే. ఈ రెండూ కలిపేసి నేను చాలాసార్లు నవ్వులపాలయ్యాను.) నాకు పుంజు లేదు కాబట్టి, పుంజు ఉన్న పక్కింటివాళ్ళ దగ్గర ఆరు గుడ్లు అడిగి తెచ్చి దాని కింద పెట్టాను. ఇరవయ్యో రోజు, గురువారం సాయంత్రం, మొదటి పిల్ల ముక్కు బయటపెట్టింది. శుక్రవారం మూడు వచ్చాయి. పెట్ట కదల్లేదు. మొదటి పిల్ల అప్పుడప్పుడు రెక్కలోంచి తల బయటపెట్టి చూసి, మళ్ళీ లోపలికి పోయేది. మేత పక్కన పెట్టినా ముట్టలేదు. శనివారం పొద్దున అయిదోది వచ్చింది. ఆరోది రాలేదు.

మధ్యాహ్నం గుడి నుంచి వచ్చేసరికి పెట్ట లేచి, అయిదింటినీ వెంటేసుకుని నీళ్ళ గిన్నె దగ్గర నిలబడి ఉంది.