చాబీ హైదరాబాద్‌లో, తాళం మాక్లూర్‌లో

కంప్యూటర్‌కు తాళం వేసే పని మా దిక్కున బడుల కంటే ముందు నెట్ సెంటర్లలో మొదలైంది. 2000 తర్వాత నిజామాబాద్‌లో గల్లీకొకటి వెలిసిన రోజులవి. దుబాయ్, మస్కట్ పోయినవాళ్ల ఇంటోళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకొని గంటల లెక్కన మాట్లాడేవాళ్లు. ఇంటర్ పిల్లలు ఫలితాల కోసం గుమిగూడేవాళ్లు. పెన్‌డ్రైవ్‌లు వచ్చాక 'న్యూ ఫోల్డర్' వైరస్ ఊరూరా తిరిగింది. చూస్తే ఫోల్డరే, నొక్కితే ప్రోగ్రాం. దానికి సెంటర్లవాళ్లు పట్టుకున్న మందు డీప్ ఫ్రీజ్. ఎవరు ఏం చెడగొట్టినా, ఆపి ఆన్ చేస్తే మిషన్ మళ్లీ మొదటిలెక్కనే ఉండేది. ఆ సాఫ్ట్‌వేర్‌ను డబ్బు పెట్టి కొన్నవాణ్ని మాత్రం నేను చూడలేదు.

బడుల వంతు 2008లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్య పెట్టింది. కంపెనీలే పరికరాలు తెచ్చి పెట్టాలి, ఐదేళ్లు నడపాలి, తర్వాత బడికి అప్పజెప్పాలి. మాక్లూర్ మండలంలోని ఒక హైస్కూల్లో నేను 'కంప్యూటర్ సారు'నయ్యాను. గదిలోకి పోయి చూస్తే బల్లల మీద తెరలు బాగానే ఉన్నాయి, కింద సీపీయూలు మాత్రం చాలా తక్కువ. ఒక్కో తెర వెనక అరచేతిలో పట్టే డబ్బా. కీబోర్డు, మౌస్, మానిటర్ దానికే తగిలిస్తారు. దాని నుంచి ఒక తీగ పోయి అసలు కంప్యూటర్‌లోని కార్డుకు తగులుతుంది. ఎన్‌కంప్యూటింగ్ అనే అమెరికా కంపెనీ సరుకది. డబ్బాకు ఒక వాట్ కరెంటు చాలని వాళ్ల లెక్క. కోతలతో సతమతమయ్యే ఊళ్లో, యూపీఎస్ మీద బతికే గదికి అదేం చిన్న సంగతి కాదు.

మా హెడ్మాస్టరు చుట్టూ తిరిగి చూసి అడిగారు: "ఏమయ్యా, ఆ పెద్ద డబ్బా ఒక్కటి చెడితే అందరిదీ ఖతమేనా?"

"ఖతమే సారూ."

తాళాలు అప్పటికే వేసి ఉన్నాయి. కంట్రోల్ ప్యానెల్ కనబడదు, స్టార్ట్ మెనూలో సగం మాయం. తొమ్మిదో తరగతి పిల్లలు దాన్ని ఇట్టే దాటేశారు. పెయింట్ తెరిచి, 'సేవ్ యాజ్' నొక్కి, ఆ చిన్న కిటికీలో రైట్ క్లిక్ చేస్తే డ్రైవులన్నీ ముందుకొచ్చేవి. మెనూ దాచడం వేరు, తాళం వేయడం వేరు అని నాకు నేర్పింది వాళ్లే. ఇక అసలు చాబీ, అంటే అడ్మిన్ పాస్‌వర్డు, ల్యాబ్ నడిపే కంపెనీ హైదరాబాద్ ఆఫీసులో ఉండేది. పోతన ఫాంటు వేసుకోవాలన్నా ఫోన్ చేయాల్సిందే. 2013లో ఐదేళ్ల గడువు తీరింది. మేం ఇంటికి పోయాం, మిషన్లు బడికి మిగిలాయి. మా బడికి వచ్చిన అప్పగింత కాగితాల్లో మానిటర్లూ మౌసులూ అన్నీ ఉన్నాయి, పాస్‌వర్డు ఒక్కటే లేదు. చాబీ వేరేవాళ్ల చేతికి పోయే ఈ కథ బోధన్‌వాళ్లకు కొత్త కాదు. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో సగానికి పైగా వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో గేటుకు తాళం పడింది.

ఒక మిషన్, పది కుర్చీలు అన్న ఆలోచన ఎన్‌కంప్యూటింగ్ సొత్తేం కాదు. 1984లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టిన ఎక్స్ విండో పద్ధతిలోనే ప్రోగ్రాం ఒకచోట నడిచి, బొమ్మ ఇంకోచోట కనబడుతుంది. దాని మీద 1999లో మిషిగన్ మనిషి జిమ్ మెక్విలన్ లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు మొదలుపెట్టాడు. అందరూ పిలిచే పేరు ఎల్‌టీఎస్‌పీ. హార్డ్‌డిస్కు లేని మిషన్ ఆన్ కాగానే నెట్‌వర్క్ కార్డు ద్వారా "నా అడ్రసేంది?" అని అడుగుతుంది. సర్వర్ అడ్రసు ఇస్తుంది, కెర్నల్ పంపుతుంది, మిగతా ఫైళ్లన్నీ తన దగ్గరి నుంచే చూపిస్తుంది. పిల్లాడి ముందున్నది తెర, కీబోర్డు మాత్రమే. నిజాంసాగర్ కాలువ మీద రైతు చేను ఎక్కడున్నా తూము తిప్పేది లస్కరే కదా, ఇదీ అంతే. 2019లో గ్రీస్‌కు చెందిన ఆల్కిస్ జార్జోపులోస్ దీన్ని మొదటి నుంచీ తిరగరాశాడు.

బడి పని పోయాక నిజామాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కు నేను పెట్టింది ఈ ఎల్‌టీఎస్‌పీనే. తుక్కుకు పోబోతున్న పెంటియం మిషన్ల హార్డ్‌డిస్కులు పీకేసి, ఒక మంచి సర్వర్, ఒక స్విచ్ కొన్నాం. తాళం కేడీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్‌లోనే ఉంది. దాన్ని కియోస్క్ అంటారు. సెట్టింగుల ఫైల్లో శీర్షిక పక్కన చదరపు బ్రాకెట్లలో డాలర్ గుర్తు, దాని వెంట ఇంగ్లిష్ 'ఐ' అక్షరం రాస్తే చాలు. ఇక ఆ భాగాన్ని వాడకందారు మార్చలేడు. దాని కింద షెల్ యాక్సెస్ 'ఫాల్స్' అని ఒక వరుస రాస్తే, డెస్క్‌టాప్ నుంచి టెర్మినల్‌కు పోయే దారి మూసుకుంటుంది. అయినా ఇదీ సగం తాళమే. పిల్లల హోమ్ ఫోల్డర్లున్న డిస్కును 'నోఎగ్జెక్' అని మౌంట్ చేశాను. ఎవరైనా ప్రోగ్రాం తెచ్చి అందులో దాస్తే, ఫైలు ఉంటుంది, నొక్కితే నడవదు. 'సేవ్ యాజ్' కిటికీలో ఎంత తిరిగినా తేడా రాదు. ఎందుకంటే తాళం మెనూకు కాదు, డిస్కుకే పడింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పిల్లలు ఇళ్లకు పోయాక అదే సర్వర్‌ను దూరం నుంచి అందించాల్సి వచ్చింది. దూరం నుంచి తెర చూపే మైక్రోసాఫ్ట్ ఆర్‌డీపీ పద్ధతిని లినక్స్‌లో మాట్లాడే ఎక్స్‌ఆర్‌డీపీ, దాని ముందు అపాచీ గ్వాకమోలే పెట్టాను. ఈ రెండోదానితో వచ్చే సుఖం ఏమిటంటే పిల్లాడి దగ్గర బ్రౌజర్ ఉంటే చాలు, ఇంకేదీ వేసుకోనక్కర్లేదు. కాపీ, పేస్టు, ఫైళ్ల రాకపోకలు కనెక్షన్ సెట్టింగుల్లోనే ఆపేశాను. నందిపేట పిల్లవాడు నాన్న ఫోనులో తెర తెరిచి టైపింగ్ పరీక్షకు తయారయ్యాడు. నెట్ నెమ్మదిస్తే బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చేది, అది వేరే గోస.

ఇవన్నీ ఉచితం కాబట్టి మంచివని నేను అనను. సర్వర్‌కు, స్విచ్‌కు, నా కూలికి డబ్బు అయింది. డీప్ ఫ్రీజ్ దొంగ కాపీ కూడా ఉచితంగానే దొరికేది కదా. తేడా అల్లా ఏమిటంటే, ఇక్కడ ఏ వరుస ఏ తాళమో తెరిచి చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, నేను లేకపోతే ఇంకొకరికి నేర్పిపోవచ్చు.

కాబట్టి హెడ్మాస్టర్లకు, కాలేజీల కరస్పాండెంట్లకు ఒక మనవి. రేపు ఏ కంపెనీ ల్యాబ్ పెట్టడానికి వచ్చినా ఒప్పంద పత్రంలో ఒక వరుస రాయించుకోండి: రూట్ (అడ్మిన్) పాస్‌వర్డు మొదటి రోజే రాతపూర్వకంగా బడికి ఇవ్వాలి. కుదరదంటే సంతకం పెట్టకండి.