బాలసుబ్రహ్మణ్యం, ఎస్.పి. (బుల్లితెర ప్రస్థానం)

శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం (4 జూన్ 1946 - 25 సెప్టెంబరు 2020) సినీ నేపథ్య గాయకుడు, సంగీత దర్శకుడు, టీవీ వ్యాఖ్యాత. నెల్లూరు ప్రాంతం వాడు. ఇంజినీరింగు చదువుతూ పాటల పోటీల్లో పాల్గొనే రోజుల్లో సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి దృష్టిలో పడి, 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' (1967)తో సినిమాల్లోకి వచ్చాడు. గాయకుడిగా ఆరు జాతీయ పురస్కారాలు అందుకున్నాడు. 'మయూరి', 'పడమటి సంధ్యారాగం' వంటి చిత్రాలకు స్వరాలు కూర్చాడు.

వ్యాఖ్యాతగా ఆయన రెండో జీవితం 1996లో హైదరాబాదు కేంద్రంగా నడిచే ఈటీవీలో 'పాడుతా తీయగా'తో మొదలైంది. అప్పటికే పేరు శిఖరాన ఉన్న గాయకుడు కొత్త పిల్లల పోటీకి మైకు పట్టుకోవడం మామూలు విషయం కాదు. ఆయన వట్టి మార్కులు వేసి ఊరుకోలేదు. ఒత్తు ఎక్కడ జారింది, శ్రుతి ఎక్కడ తప్పింది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి అన్నవి స్వయంగా పాడి చూపేవాడు. పాట రాసిన కవి పేరు, బాణీ కట్టినవారి పేరు చెప్పి, రికార్డింగు నాటి ముచ్చట్లు కలిపేవాడు. పోటీ కన్నా ఈ కబుర్ల కోసమే టీవీ ముందు కూర్చున్నవారు తక్కువేమీ కాదు. ఉచ్చారణ విషయంలో మాత్రం మొహమాటం ఉండేది కాదు. దిద్దుబాటు చివర ఒక నవ్వు మాత్రం తప్పకుండా ఉండేది.

ఉష, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్ ఈ వేదిక నుంచే సినిమా పాటకు చేరారు. మా టీవీలో 'పాడాలని ఉంది', కన్నడంలో 'ఎదె తుంబి హాడువెను' కూడా ఆయన నడిపినవే. ఆయన మరణానంతరం 'పాడుతా తీయగా' బాధ్యత కుమారుడు చరణ్ తీసుకున్నాడు.