పహాణీ నుంచి గద్య దాకా: హార్డ్ డిస్క్ తన్ను తాను చెప్పుకొన్న చరిత్ర

ఉపోద్ఘాతం

1956 నవంబరు 1న నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లా నుంచి విడివడి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి, మెదక్ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరు 11న అదే ప్రాంతం సంగారెడ్డి జిల్లాలో భాగమైంది. ఊళ్లు ఉన్నచోటనే ఉన్నాయి. వాటి చిరునామా చెప్పే కాగితాలు మారాయి. తెలంగాణలో పొలం తగాదా వస్తే నేటికీ 1954–55 నాటి ఖాస్రా పహాణీని తీస్తారు. నారాయణఖేడ్‌కు సంబంధించినంతవరకు అది బీదరు కాలం నాటి మాట. నేల తనంతట తాను ఏమీ చెప్పదు. దాని తరఫున దఫ్తరులోని పత్రమే మాట్లాడుతుంది.

ఆ 1956 సెప్టెంబరులోనే ఐబిఎం సంస్థ రామాక్ 305 యంత్రంతో పాటు తొలి హార్డ్ డిస్క్‌ను ప్రకటించింది. అందులో 24 అంగుళాల పళ్లేలు 50. వాటిలో పట్టేవి 50 లక్షల అక్షరాలు. ఆ డిస్కు కూడా నేలలాగే మూగది. తన పేరును, పరిమాణాన్ని తానే చెప్పుకొనే శక్తి డిస్కుకు ఎలా వచ్చింది, ఆ మాటను ఎంతవరకు ప్రమాణంగా తీసుకోవచ్చు అనేవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు. తాళపత్ర ప్రతుల ఛాయాచిత్రాలనూ మౌఖిక కథాగానాల ధ్వనిముద్రణలనూ డిస్కుల్లో దాచి, వాటి ఆధారంగా సిద్ధాంతగ్రంథాలు సమర్పిస్తున్న మనకు ఇది పరాయి విషయం కాదు.

బయటి పట్టిక

1980లో షుగార్ట్ టెక్నాలజీ (తరువాతి సీగేట్) విడుదల చేసిన ఎస్‌టి-506 డిస్కు సామర్థ్యం 5 మెగాబైట్లు. కంప్యూటరులోని కంట్రోలరుకూ డిస్కుకూ మధ్య తీగల మీద నడిచేవి హెడ్‌ను జరపడానికీ, ఎన్నుకోవడానికీ, చదివి రాయడానికీ అవసరమైన సంకేతాలే. “నీవెవరు?” అని అడిగే ఆదేశం ఆ భాషలో లేదు. ఎన్ని సిలిండర్లు, ఎన్ని హెడ్లు అన్నది కంప్యూటరుకు మరొక దారిలో తెలిసి ఉండాలి.

1984లో వచ్చిన ఐబిఎం పిసి/ఏటి ఆ దారిని ఒక పట్టికగా స్థిరపరచింది. బయోస్‌లో డిస్కు రకాలకు సంఖ్యలు కేటాయించారు. ఉదాహరణకు 2వ రకం అంటే 615 సిలిండర్లు, 4 హెడ్లు. ట్రాకుకు 17 సెక్టార్ల చొప్పున, సెక్టారుకు 512 బైట్ల వంతున లెక్కిస్తే 2,14,11,840 బైట్లు. యంత్రాన్ని అమర్చినవారు ఆ సంఖ్యను ఎంచితే బ్యాటరీతో నిలిచే చిన్న స్మృతిలో అది నమోదయ్యేది. బ్యాటరీ అయిపోతే డిస్కులోని సమాచారం చెక్కుచెదరకపోయినా కంప్యూటరుకు డిస్కు ఉందన్న సంగతే తెలిసేది కాదు. పహాణీ పోయిన రైతు పరిస్థితి వంటిదే ఇది. డిస్కు ఉపరితలంలో చెడిపోయిన చోట్ల జాబితాను సైతం పెట్టె మీద కాగితంపై అచ్చువేసి అంటించేవారు.

స్వవాక్కు

1986లో ప్రమాణంగా వెలువడిన స్కజీ పద్ధతిలో పరికరాన్ని ప్రశ్నించే ఆదేశం ఉంది. దానికి జవాబులో తయారీదారు పేరుకు 8 అక్షరాలు, ఉత్పత్తి పేరుకు 16, కూర్పుకు 4 కేటాయించారు. అయితే సామాన్యుల కంప్యూటరులో మార్పు తెచ్చినది అదే కాలంలో కాంపాక్, వెస్టర్న్ డిజిటల్ మొదలైన సంస్థలు రూపొందించిన ఐడిఇ. కంట్రోలరు డిస్కు మీదికే చేరడంతో, మాట్లాడగల బుద్ధి డిస్కుకు అబ్బింది.

హెక్సాడెసిమల్‌లో ఇసి అనే ఆదేశం అందగానే డిస్కు 512 బైట్లను, అంటే 16 బిట్ల వర్డ్‌లు 256ను, పంపుతుంది. 10 నుంచి 19 వరకు క్రమసంఖ్య, 23 నుంచి 26 వరకు ఫర్మ్‌వేర్ కూర్పు, 27 నుంచి 46 వరకు మోడల్ పేరు. మొదటి వర్డ్‌లలోనే సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు. 1994 నాటి తొలి ఏటిఏ ప్రమాణంలో ఈ ఆదేశం ఐచ్ఛికం మాత్రమే కావడం గమనార్హం. ఇందులో పాఠపరిష్కర్తలకు నచ్చే విశేషం ఒకటి ఉంది. ప్రతి వర్డ్‌లోనూ మొదటి అక్షరం ఎగువ బైటులో కూర్చుంటుంది. సాధారణ పిసిలో ఆ బైట్లను వచ్చిన వరుసలోనే చదివితే “ఎస్‌టి” అన్నది “టిఎస్” అవుతుంది. లేఖకుని అలవాటు తెలియనివారికి ప్రతి అర్థం కానట్లే ఇదీ.

ఈ 512 బైట్లు నాకు ఆశ్వాసాంత గద్యలాగా కనిపిస్తాయి. కర్త ఎవరో, ఎవరి కుమారుడో, ఇది ఏ గ్రంథంలో ఎన్నవ ఆశ్వాసమో గద్యే చెబుతుంది. బయటి పట్టికతో పని లేదు. కాని గద్య చెప్పినంత మాత్రాన వివాదం ముగియదని సాహిత్య చరిత్రకు తెలుసు. క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయని కృతిగా తన్ను తాను చెప్పుకొంటుండగా, అది శ్రీనాథుని రచన అని వేటూరి ప్రభాకరశాస్త్రి వాదించారు.

మర్యాదపూర్వకమైన అబద్ధం

డిస్కు మాట మొదటి నుంచీ వినేవాని శక్తిని బట్టి కూర్చిన మాట. పాత బయోస్ 1024 సిలిండర్లకు, ట్రాకుకు 63 సెక్టార్లకు మించి లెక్కించలేదు. ఐడిఇకి 16 హెడ్లు పరిమితి. రెండూ కలిస్తే 52,84,82,304 బైట్ల దగ్గర గోడ. బయటి వలయాల్లో ఎక్కువ సెక్టార్లు, లోపలి వలయాల్లో తక్కువ పెట్టే పద్ధతి వచ్చాక ట్రాకుకు ఇన్ని అని ఒకే సంఖ్య చెప్పడమే అసాధ్యమైంది. అయినా అడిగినందుకు ఏదో ఒకటి చెప్పాలి. అందుకే 8.4 గిగాబైట్లు దాటిన డిస్కులన్నీ 16383 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు అన్న ఒకే జవాబును పాఠంలా అప్పగిస్తాయి. లోపల ఒకే పళ్లెం, రెండే హెడ్లు ఉన్నదీ 16 అనే చెబుతుంది. అసలు పరిమాణం 60, 61 వర్డ్‌లలో ఉంటుంది. ఆ 28 బిట్ల లెక్క 137 గిగాబైట్ల దగ్గర చాలక, ఆపై 100 నుంచి 103 వరకు వర్డ్‌లను దానికి ఇచ్చారు.

ఇది నిరపాయకరమైన కల్పన. మరొకటి అంత నిరపాయకరం కాదు. డిస్కులో కొంత భాగాన్ని మరుగుపరచి, తక్కువ పరిమాణాన్ని చెప్పించే ఆదేశాలు కూడా తరువాతి ప్రమాణాల్లో చేరాయి. అసలు హద్దు తెలియాలంటే వేరే ఆదేశంతో విడిగా అడగాలి. యుఎస్‌బి పెట్టెలో పెట్టిన డిస్కు విషయంలో మరొక చిక్కు: కొన్నిసార్లు జవాబు చెప్పేది డిస్కు కాదు, మధ్యనున్న వంతెన చిప్పు. కంప్యూటరు తెర మీద కనిపించే క్రమసంఖ్య అప్పుడు పెట్టెది.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో సమర్పించవలసిన ధ్రువపత్రంలో పరికరం తయారీ, మోడల్, రంగు, క్రమసంఖ్య రాయాలి. హాష్ విలువనూ చూపాలి. ఎవరు చెప్పిన క్రమసంఖ్య అన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది. పెట్టె మీది చీటీదా, వంతెన చెప్పినదా, డిస్కు స్వయంగా చెప్పినదా? హాష్ సమాచారానికి సాక్షి, పరికరానికి కాదు. ఒకదాని లోపాన్ని మరొకటి పూరించదు.

విశ్వవిద్యాలయ శాఖల్లో వ్రాతప్రతుల డిజిటల్ ప్రతులను స్వీకరించే పుస్తకంలో సాధారణంగా “హార్డ్ డిస్క్ – 1” అని రాసి ఊరుకొంటున్నారు. చీటీ మీది సంఖ్య, డిస్కు జవాబులోని సంఖ్య, మోడల్, ఫర్మ్‌వేర్ కూర్పు, చెప్పిన సెక్టార్ల సంఖ్య, విడిగా అడిగి తెలుసుకొన్న అసలు హద్దు, ఫైళ్ల హాష్ విలువలు, నమోదు తేదీ: ఇవన్నీ ఒక్క పుటలో ఇముడుతాయి.