ఘంటసాల రేవు

ప్రాచీన కాలమున ఆగ్నేయాసియాకు సాగిన నౌకాయానమును పరిశోధించు పండితులకు కృష్ణా డెల్టాలోని ఘంటసాల ముఖ్యాధారము. క్రీ. శ. 2వ శతాబ్దమున గ్రీకు భూగోళవేత్త టాలెమీ మైసోలియా దేశమున ‘కంటకోస్సిల’ యను వర్తకస్థానమును పేర్కొనెను. సువర్ణభూమికి పోవు ఓడలు తీరమును విడుచు తావును ఆ ప్రాంతముననే చూపెను.

అయితే ఆ వర్తకస్థానము ఏ ఊరు? నాగార్జునకొండ శాసనమున ఉపాసిక బోధిశ్రీ, కంటకసేల మహాచైత్యపు తూర్పు ద్వారముకడ రాతి మండపము కట్టించినట్లున్నది. హాలెండు పండితుడు వోగెల్ ఈ కంటకసేలను టాలెమీ చెప్పిన స్థానముతో పోల్చెను. ఘంటసాల ప్రాకృత శాసనములలోను ఆ పేరు కలదు. శివకుడను మహానావికుడును అందు కానవచ్చును. గ్రీకు గ్రంథమునకు మన ఊరి రాళ్లే సాక్ష్యము పలికినవి.

అమరావతి శిలలు అనేకము సున్నపు బట్టీల పాలైనవి. కావున పొలమున దొరకిన చెక్కడపు రాతిని కాపాడుట పండితుల పని మాత్రమే కాదు, గ్రామస్థుల విధి.